తోడుచుక్కలోని తూనిక

తిరువూరు ప్రాంతములోని రెడ్డిగూడెము మామిడితోటలకు పేరుపొందినది. ఎండలు ముదిరి కాయ పక్వమునకు వచ్చినదన్న, ఆ చుట్టుపట్ల తోటలలో కోతల సందడి మొదలగును. తెల్లవారకమునుపే తోటకు పోవువారికి మన పల్లెలలో ఇల్లాండ్రు తరతరములుగా పెట్టుచు వచ్చిన ఆహారమేమి? రాత్రి మిగిలిన అన్నములో మజ్జిగ పోసియుంచిన చద్ది. నంజుకొనుటకు ఒక ఆవకాయబద్ద, ఒక ఉల్లిపాయ. పెద్దల మాటను మనవారు చద్దిమూటతో పోల్చిరన్న, ఆ మూటకు మన జీవనములో ఎంతటి గౌరవము ఉండెనో ఊహింపవచ్చును.

ఆ భోజనములో రెండు పులుపులు ఉన్నవి. చూచుటకు రెండును పులుపులే అయినను వాని పుట్టుక ఒకటి కాదు. ఆవకాయ పులుపు మామిడికాయలో పుట్టినది. ఉప్పు, కారము, ఆవపిండి, నూనె, ఇవన్నియు ఆ ముక్క చెడకుండ కాపాడుటకై చేరినవి. అనగా అక్కడ మనము సూక్ష్మజీవులను వాకిటనే నిలిపివేయుచున్నాము. పెరుగు పులుపు అట్టిది కాదు. అక్కడ ఆ జీవులను మనమే పిలిచి, గోరువెచ్చని పాలతో విందు చేయుచున్నాము. రాత్రి పడుకొనబోవుటకు ముందు ఇల్లాలు పాలలో నాలుగు మజ్జిగచుక్కలు వేసి మూతపెట్టుటయే ఆ పిలుపు. దానికి మనవారు పెట్టిన పేరు తోడు. ఇంట తోడు లేనిచో పొరుగింటినుండి తెచ్చుకొందురు. ఆ పొరుగింటివారు మరియొకనాడు మరియొకరి యింటినుండి తెచ్చుకొనియుందురు. ఇట్లు ఇంటినుండి ఇంటికి, అత్తనుండి కోడలికి, కొన్ని చుక్కలుగా సాగివచ్చిన ఈ ఆస్తి ఎన్ని తరములదో ఎవరు చెప్పగలరు?

ఈ తోడుచుక్కలోని జీవులకును, వాని చుట్టములకును ఆధునిక వైద్యశాస్త్ర చరిత్రలో గొప్ప స్థానము కలదు. అవి మనకు మందులను తయారుచేసి యిచ్చినవి. అంతకంటె విచిత్రమేమనగా, మనుష్యుల కన్నుకు గాని, నాటి రసాయనశాలల త్రాసులకు గాని అందని పదార్థములను తూచి చూపినవి. ఆ తూనికతో సాధించిన విజయములలో ఒకదానికి సూత్రధారి మన తెలుగువాడు. ఆ కథయే నేటి విషయము.

పులిసిన పాలలో ఒక ప్రత్యేకమైన ఆమ్లమున్నదని 1780లో స్వీడను దేశపు ఔషధకారుడు కార్ల్ విల్హెల్మ్ షీలే కనుగొనెను. అదియే లాక్టిక్ ఆమ్లము. అది పాలలో ఎట్లు పుట్టునో ఆయనకు తెలియదు. ఆ సంగతి తేలుటకు మరి డెబ్బదియేడు సంవత్సరములు పట్టెను. 1857లో ఫ్రాన్సు దేశమున లిల్ నగరమునందు లూయీ పాశ్చరు పాలు పులియుట జీవుల పనియని ప్రకటించెను. పాలు తమంతట తాము మారుటలేదు. కంటికి కానరాని జీవులు పాలలోని చక్కెరను తిని, ఆ ఆమ్లమును విసర్జించుచున్నవి. 1870ల దశకమున ఇంగ్లండు శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టరు పాలను పులియజేయు బాక్టీరియాను తక్కినవానినుండి విడదీసి, ఒక్కదానినే పెంచి చూపెను. 1905లో స్టామెన్ గ్రిగొరొవ్ అను బల్గేరియా యువకుడు జెనీవాలో చదువుకొనుచు, తన దేశపు పెరుగులో కడ్డీవంటి రూపముగల బాక్టీరియా ఉన్నదని వర్ణించెను. నేడు లోకమంతట పెరుగు తయారుచేయు కర్మాగారములలో వాడు బాక్టీరియాలలో అదియు ఒకటి. పాశ్చరు సంస్థలోని మెచ్నికోవ్ పండితుడు పెరుగు దీర్ఘాయువు నిచ్చునని వాదించెను. ఆ వాదమునకు తగిన నిదర్శనములు ఆయన చూపలేకపోయినను, వైద్యుల దృష్టి పులిసిన పాలవైపు మరలుటకు అది కారణమయ్యెను.

ఇంతలో వ్యాపారులు ఊరకుండలేదు. 1881లోనే అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి లిటిల్టన్ అను ఊర చార్లెస్ ఏవరీ ఈ బాక్టీరియాలచేత లాక్టిక్ ఆమ్లమును తయారుచేయించి అమ్మజూచెను. నేటికిని లోకమున తయారగు లాక్టిక్ ఆమ్లములో అధికభాగము బాక్టీరియాలు చేసిపెట్టినదే. ఆసుపత్రిలో నీరసించిన రోగికి నరములోనికి ఎక్కించు సీసాలమీద రింగర్ లాక్టేట్ అను పేరు మనలో పలువురు చూచియుందురు. ఆ పేరులోని లాక్టేటు ఈ ఆమ్లమునకు చెందినదే. పెరుగు పులుపునకు పుట్టినింటి పేరు అక్కడికిని వెళ్లినది.

పెరుగు చెంతనే మన వంటింటిలో మరియొక గిన్నె ఉండును. అది ఇడ్లీ పిండి. దానికి తోడు వేయువారు లేరు. మినపపప్పును, బియ్యపు రవ్వను నానబెట్టి, రుబ్బి, కలిపి, ఉప్పువేసి ఉంచిన చాలును. తెల్లవారునప్పటికి పిండి పొంగి గిన్నె అంచు తాకును. ఈ పొంగుటకు కారణమెవరు? అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1965లో దీనికి సమాధానము ప్రకటించిరి. వారిలో ముఖర్జీ అను భారతీయుడు కూడ ఉండెను. పిండిని పొంగించు ముఖ్యమైన బాక్టీరియా ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్ అనియు, అది పప్పుబియ్యములను అంటిపెట్టుకొనియే వచ్చుననియు వారు తేల్చిరి. దాని వెనుక స్ట్రెప్టోకాకస్ ఫీకాలిస్ మొదలగు మరికొన్ని బాక్టీరియాలు వచ్చి పులుపును పెంచునని కూడ చెప్పిరి.

ఇడ్లీని పొంగించు ఆ ల్యూకోనాస్టాకు శాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. అంతకు నూరేండ్ల ముందే ద్రాక్షసారాయి జిగురుకట్టుటకు సూక్ష్మజీవులు కారణమని పాశ్చరు గుర్తించియుండెను. చక్కెర మిల్లులలో రసము జిగురుకట్టి గొట్టములు పూడిపోవుట యజమానులకు పెద్ద బెడదగా నుండెను. ఆ జిగురునకు 1874లో షైబ్లర్ అను జర్మను రసాయనికుడు డెక్స్‌ట్రాన్ అని పేరిడెను. దానిని పుట్టించు జీవికి 1878లో ఫ్రెంచి పండితుడు వాన్ టీగెమ్ ల్యూకోనాస్టాకు అను పేరు పెట్టెను. చక్కెరను తిని జిగురును కక్కు ఈ జీవిని చాలకాలము వరకు అందరును శత్రువుగనే చూచిరి.

రెండవ ప్రపంచ సంగ్రామకాలమున ఈ చూపు మారెను. గాయపడి రక్తము కోల్పోయినవానికి వెంటనే రక్తము దొరకనిచో ఏమి చేయవలెను? నరములలో నిలిచి రక్తపోటును నిలబెట్టు ద్రవమేదైన ఉన్నచో కొంతసేపు ప్రాణము నిలుపవచ్చును గదా. స్వీడనులో ఉప్సలా నగరమున గ్రోన్‌వాల్, ఇంగెల్మన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు డెక్స్‌ట్రాన్ జిగురును తగిన పరిమాణములకు ఖండించి, శుద్ధిచేసి, ఈ పనికి వినియోగింపవచ్చునని చూపిరి. 1940ల దశకము ముగియకమునుపే అది ఆసుపత్రులకు చేరెను. అమెరికాలో పియోరియా నగరమునందలి వ్యవసాయ పరిశోధనశాలలో ఆలీన్ జీన్స్ అను విదుషీమణి, జిగురుకట్టి చెడిపోయిన ఒక పానీయపు సీసానుండి ఈ బాక్టీరియాలో మేలైన రకమును ఏరి తీసెను. 1950 నుండి 1953 వరకు సాగిన కొరియా యుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము దీనిపై మిక్కిలి శ్రద్ధ వహించెను. తరువాత ఇతర ద్రవములు వచ్చుటచేతను, రక్తనిధులు విస్తరించుటచేతను దాని వాడుక తగ్గినది. అయినను, మన ఇడ్లీపిండిని పొంగించు జాతికి చెందిన జీవి యుద్ధభూమిలో సైనికుల ప్రాణములకు అడ్డు నిలిచినదనుట చరిత్ర.

ఇంతవరకు చెప్పినది బాక్టీరియాలు పదార్థములను తయారుచేసి యిచ్చిన కథ. ఇక అవి తూచి చూపిన కథ. దీనికి మొదలు మనదేశముననే ఉన్నది.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చెను. ఆ నగరమున గర్భవతులలో ఒక తీవ్రమైన రక్తహీనత కనబడుచుండెను. బట్టలమిల్లులలో పనిచేయు పేదస్త్రీలు దానివాత బడుచుండిరి. నెలలు నిండుకొలది ముఖము పాలిపోవును, ఆయాసము వచ్చును, కాళ్లు వాచును, తల్లియో బిడ్డయో దక్కక పోవుటయు కలదు. సూక్ష్మదర్శినిలో చూచినచో రక్తకణములు తక్కువగా నుండుటయే గాక, ఉండవలసినదానికంటె పెద్దవిగా, పక్వము కానివిగా నుండెను. ఇనుము లోపించిన వచ్చు రక్తహీనత యిది కాదు. ఈ స్త్రీల ఆహారములో మరియేదియో కొరవడినదని విల్స్ ఊహించెను. బొంబాయిలోను, నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనశాలలోను ఆమె ప్రయోగములు చేసెను. కాలేయపు సారము ఈ రోగమును కుదుర్చునని తెలిసెను గాని, పేదలకు అది అందునది కాదు. చివరకు ఆమె వాడి చూచిన చవకపదార్థము మార్మైటు. బీరు కాచిన పిదప మిగిలిన ఈస్టునుండి తీసిన లేహ్యము అది. దానిని తినిన స్త్రీల రక్తము కొలది దినములలో బాగుపడజొచ్చెను. 1931లో ఆమె ఈ ఫలితమును ప్రకటించెను. పులియబెట్టిన కుండ అడుగున మిగిలిన మడ్డిలో తల్లులను బ్రదికించు పదార్థమొకటి ఉన్నది. ఆ పదార్థమేదో ఆమెకు తెలియలేదు. దానిని లోకము విల్స్ కారకమని పిలిచెను.

ఉన్నదని తెలిసియు పట్టుకొనలేని పదార్థమును పట్టుకొనుట ఎట్లు? ఈస్టులోను, కాలేయములోను, ఆకుకూరలలోను అది అత్యల్పముగా ఉన్నది. కాలేయమును ఒక విధముగ వడబోసినప్పుడు అది వడపోతలో దిగినదో, పిప్పిలో నిలిచినదో తెలియవలెను. తెలియుటకు రోగియైన స్త్రీకో, కోతికో పెట్టి వారములకొలది కనిపెట్టి యుండవలెను. అట్లు చేయుచు పోయినచో ఒక జీవితకాలము చాలదు.

ఈ చిక్కును విప్పినవి పాల బాక్టీరియాలు. లాక్టోబాసిలస్ కేసియై అను బాక్టీరియా ఛీజులో నుండునది. పాశ్చాత్యులు పాలను విరిచి, నీరు వడిచి, నెలలతరబడి మాగవేసి చేయునది ఛీజు. మనము ఈనిన పశువు ముర్రుపాలతో చేయు జున్ను కాదు. ఆ ఛీజునకు లాటిన్ భాషలో గల పేరే ఈ బాక్టీరియాకు వచ్చినది. కాలేయము, ఈస్టులలోని ఏదియో ఒక అజ్ఞాతపదార్థము లేనిదే ఇది పెరుగదని 1940 ప్రాంతమున అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునందు ఎస్మండ్ స్నెల్, విలియం పీటర్సన్ గుర్తించిరి. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున స్నెల్, తన సహచరులైన మిచెల్, విలియమ్స్‌లతో కూడి, నాలుగు టన్నుల పాలకూరను వడిచి అట్టి పదార్థమునే కొలదిగా సంపాదించెను. ఆకునుండి వచ్చినది గనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లాటిన్‌లో ఫోలియం అనగా ఆకు. అక్కడ వారు తూనికకు వాడినది స్ట్రెప్టోకాకస్ లాక్టిస్ ఆర్ అను బాక్టీరియా. లాక్టిస్ అనగా పాలకు చెందినది. తరువాతి కాలమున దానిని స్ట్రెప్టోకాకస్ ఫీకాలిస్ జాతిలో చేర్చిరి. మన ఇడ్లీపిండిలో పులుపును పెంచునని చెప్పుకొన్న పేరు ఇదియే. నేటి శాస్త్రజ్ఞులు ఆ వర్గీకరణములను మరల మార్చియున్నారు గాని, చుట్టరికము మాత్రము పోలేదు.

తూనిక పద్ధతి సులభముగనే బోధపడును. ఈ బాక్టీరియాకు కావలసిన చక్కెర, లవణములు, తక్కిన విటమినులు అన్నియు నీటిలో కలిపి, ఒక్క ఫోలిక్ ఆమ్లమును మాత్రము విడిచిపెట్టవలెను. ఆ నీటిని అనేక నాళికలలో పోసి, బాక్టీరియాను వేసినచో ఏ నాళికలోను అది పెరుగదు; నీరు తేటగనే ఉండును. ఇప్పుడు పరీక్షింపవలసిన సారమును ఒక్కొక్క నాళికలో కొంచెము కొంచెముగా వేయవలెను. అందులో ఆ పదార్థమున్నచో బాక్టీరియా పెరిగి నీరు కలకబారును. లాక్టిక్ ఆమ్లము పుట్టును. మూడు దినముల తరువాత ఆ పులుపును కొలిచినచో, వేసిన సారములో ఫోలిక్ ఆమ్లము ఎంత ఉన్నదో తెలిసిపోవును. గ్రాములో నూరుకోట్లవ వంతు లెక్కలో నున్న పదార్థమును ఈ జీవి పసికట్టగలదు. ఏ బంగారపు అంగడిలోని త్రాసు ఇంత సూక్ష్మమైనది? దీని వెనుక నున్న ధర్మము ఒక్కటే. ఛీజులో బ్రదుకు అల్పజీవి తన కణములను పెంచుకొనుటకు ఏ పదార్థమును కోరునో, గర్భవతి శరీరము రక్తమును, శిశువును పెంచుటకు ఆ పదార్థమునే కోరును. వానికి లేనిది మనకును లేదు.

ఈ తూనికను చేతబట్టి పని సాగించిన వారిలో అగ్రగణ్యులు లెడర్లీ సంస్థవారు. న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అనుచోట నున్న ఆ సంస్థ పరిశోధనలకు నాయకుడు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమున, మద్రాసున విద్యాభ్యాసము చేసిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువు ముగించి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధకులుగా నుండిరి. 1920ల తొలినాళ్లలో అమెరికా చేరి హార్వర్డులో పరిశోధన చేసిరి. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి, శరీరద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతి నేటికిని జీవరసాయనశాస్త్ర విద్యార్థులకు సుపరిచితము. కండరములకు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థముల విషయమున వారిరువురు చేసిన కృషి మరువరానిది. 1940లో ఆయన లెడర్లీలో చేరిరి.

సుబ్బారావుగారు ఈ అన్వేషణమునకు పూనుకొనుటలో పాండిత్యమే గాక స్వానుభవము కూడ ఉన్నది. మనదేశమున సంగ్రహణి అను వ్యాధి కలదు. ఆహారము ఒంటబట్టదు, విరేచనములు ఆగవు, రక్తము క్షీణించును, నాలుక పూసి మనిషి కృశించిపోవును. తమ సోదరుని మరణమునకు కారణమైనది ఈ వ్యాధియేననియు, ఆయన తామును దీనివాత బడి లక్ష్మీపతిగారి చికిత్సచే కోలుకొనిరనియు జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఆ రోగికి అవసరమైన మందును సముద్రముల కావల వెదకుట ఆయనకు కేవలము ఉద్యోగధర్మము కాదు.

లెడర్లీ శాస్త్రజ్ఞులు రెండు దారుల నడచిరి. ఒకటి, కాలేయమునుండి ఆ పదార్థమును వేరుచేయుట. రెండవది, పెద్ద తొట్లలో ఒక బాక్టీరియాను పెంచి, అది విడిచిన ద్రవమునుండి తీయుట. ఈ రెండు దారులందును ప్రతి మెట్టున దారి చూపినది లాక్టోబాసిలస్ కేసియై. స్టాక్‌స్టాడ్, హచింగ్స్ మొదలగువారు 1943, 1944 సంవత్సరములలో శుద్ధమైన స్ఫటికములను సంపాదించిరి. కాలేయమునుండి వచ్చినదియు, తొట్టిలో బాక్టీరియా చేసినదియు ఒకే కుటుంబమునకు చెందినవే. బాక్టీరియా చేసినదానికి గ్లుటామిక్ ఆమ్లపు తోక మూడు కణుపులు. కాలేయముదానికి ఒక్క కణుపు. ఈ భేదమును గ్రహించిన పిదప, 1945లో కాలేయపు పదార్థమును రసాయనశాలలో తయారుచేసిరి. 1946లో దాని నిర్మాణమును లోకమునకు వెల్లడించిరి. ఆ పత్రముమీద పదునారుగురి పేర్లున్నవి. అందు సుబ్బారావుగారి పేరు ఏడవది. తమ పేరు ముందుంచవలెనను పట్టుదల లేని నాయకుని స్వభావము ఆ ఒక్క వరుసలోనే కనబడుచున్నది.

ఫలితము వెంటనే కనబడెను. 1945లో టామ్ స్పైస్ అను అమెరికను వైద్యుడు పెద్దకణముల రక్తహీనతతో బాధపడు రోగులకు ఈ మందు నిచ్చి గుణము చూచెను. సంగ్రహణి రోగులు కూడ దీనితో తేరుకొనిరి. బొంబాయి మిల్లు స్త్రీలకు విల్స్ పెట్టిన మడ్డిలోని రహస్యము పదునాలుగేండ్లకు సీసాలోనికి వచ్చెను. అంతటితో ఆగలేదు. ఈ ఆమ్లమును పోలినట్లుండి దాని పనికి అడ్డుపడు పదార్థములను లెడర్లీవారు తయారుచేయగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ వానిని రక్తపు క్యాన్సరుతో నున్న పసిబిడ్డలకిచ్చి, కొంతకాలము ఆ రోగమును అణచవచ్చునని 1948లో చూపెను. నేడు మెథోట్రెక్సేట్ అను పేర క్యాన్సరునకు, కీళ్లవాపునకు వాడు మందు ఆ వంశములోనిదే. ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు మరణించిరి. వయస్సు ఏబదిమూడు. మరల స్వదేశము చూడలేదు. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆయన స్మారకముగ బిళ్లను వెలువరించినది.

ఇదే కాలమున పాల బాక్టీరియా మరియొక విజయమును సాధించినది. మేరీ షార్బ్ అను అమెరికను శాస్త్రవేత్త 1947లో, లాక్టోబాసిలస్ లాక్టిస్ డోర్నర్ అను బాక్టీరియా కాలేయసారము లేనిదే పెరుగదని చూపెను. ఆ తూనికనే ఉపయోగించి మెర్క్ సంస్థవారు 1948లో ఎర్రని స్ఫటికములను పట్టుకొనిరి. అదియే విటమిన్ బి12. ఇంగ్లండులో గ్లాక్సో సంస్థవారు కూడ అదే సంవత్సరమున దానిని సాధించిరి. నేడు ఈ విటమినును రసాయనికులు చేతితో చేయుటలేదు; బాక్టీరియాలే చేయుచున్నవి. అందులో ప్రొపియోనిబాక్టీరియం ఫ్రాయిడెన్‌రైఖియై అనునది ముఖ్యమైనది. స్విట్జర్లాండు ఛీజులో పెద్ద పెద్ద కన్నములు పడుటకు కారణమైన జీవి ఇదియే.

ఈ రెండు విటమినుల చుట్టరికములో ఒక అపాయము కూడ దాగియున్నది. బి12 కొరవడిన మనిషికి ఫోలిక్ ఆమ్లమును మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును గాని, లోలోపల నరముల చేటు సాగుచునే యుండును. కనుక రక్తహీనతకు కారణమేదో వైద్యుడు తేల్చవలసినదే గాని, ఎవరికి వారు మందు నిర్ణయించుకొనరాదు.

మరి మన పెరుగుకుండ మాట ఏమి? పెరుగులో ముఖ్యముగ రెండు రకముల బాక్టీరియాలు కలిసి కాపురము చేయును. స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ అనునది పాలలో ఫోలేటును స్వయముగ తయారుచేయగలదు. దాని జతగాడైన గ్రిగొరొవ్ కడ్డీ బాక్టీరియా సాధారణముగ దానిని ఖర్చుపెట్టును. ఒకడు ఆర్జించును, ఒకడు వెచ్చించును, మిగిలినది మనకు. ఈ ఆర్జనపరులలో మేలైనవారిని ఏరి, పెరుగులో ఫోలేటును పెంచుటకు పలుదేశములలో యత్నములు సాగుచున్నవి. 2003లో నెదర్లాండ్సు పరిశోధకులు పాల బాక్టీరియాలోని జన్యువులను మార్చి, అది మునుపటికంటె ఎక్కువ ఫోలేటును చేయునట్లు చూపిరి. ఒకప్పుడు తూనికరాయిగా నిలిచిన జీవుల కుటుంబమునే ఇప్పుడు తయారీదారుగా నిలుపవలెనని వారి ఆశయము.

ఆశయము గొప్పదే. కాని గర్భవతికి కావలసిన మోతాదు నిచ్చుటకు ఇంటి పెరుగు చాలదు. ఇడ్లీలోని ఫోలేటు ఆవిరిలో కొంత నశించును. ఈ లోపము చిన్నది కాదు. గర్భము నిలిచిన మొదటి నెలలోనే, అనగా తల్లికి తాను గర్భవతినని రూఢిగా తెలియకమునుపే, శిశువు వెన్నుపాము ఏర్పడును. అట్టి దోషముతో ఒక బిడ్డను కన్న తల్లులకు తరువాతి గర్భమునకు ముందునుండి ఫోలిక్ ఆమ్లము నిచ్చినచో, ఆ దోషము నూటికి 72 పాళ్లు తగ్గునని 1991లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి ప్రకటించెను. మనదేశమున 1970 నుండి గర్భవతులకు ఇనుముతో కూడ ఫోలిక్ ఆమ్లపు మాత్రలు ఇచ్చు పథకము నడచుచు వచ్చినది. 2018లో ప్రారంభమైన రక్తహీనతా నిర్మూలన పథకము ప్రకారము ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. గర్భవతి దినమునకు ఒకటి చొప్పున 180 దినములు మింగవలెను. విల్స్ ప్రయోగములు చేసిన ఆ కూనూరు పరిశోధనశాల 1918లో ఒకే గదిలో మొదలైనది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేర మన మధ్యనే ఉన్నది.

ఇప్పుడు మరల రెడ్డిగూడెమునకు పోవుదము. అటువంటి ఏ పల్లెలోనైనను గర్భిణీస్త్రీ యింటికి ఆరోగ్య కార్యకర్త వచ్చి మాత్రల అట్ట నిచ్చి పోవును. "వేడిచేయును", "నోరు రుచించదు" అని ఆ అట్టను అటకమీద పెట్టువారు నేటికిని కలరు. అటుపైన ఆమెకు వచ్చు ఆయాసమును అలసట యని సరిపెట్టుదురు. ఆ అట్టలోని చిన్న మాత్ర వెనుక బొంబాయి మిల్లు స్త్రీల పాలిపోయిన ముఖములు ఉన్నవి. భీమవరపు బిడ్డ యొకడు పరదేశమున వెచ్చించిన సంవత్సరములు ఉన్నవి. నాళికలో నీరు కలకబారునా, తేటగనే ఉండునా యని కనిపెట్టుకొని కూర్చున్న పదునారుగురి రాత్రులు ఉన్నవి. వారికి అవునని గాని కాదని గాని చెప్పినది మన తోడుచుక్కకు చుట్టమైన ఒక పాలజీవి.

కాబట్టి అత్తగారు కోడలికి తోడు పెట్టు విధమును నేర్పునప్పుడు, మాత్ర మింగు విధమును కూడ నేర్పవలెను. ఒక్క జాగ్రత్త. ఇనుము కలిసిన ఆ మాత్రను పాలతోను, పెరుగుతోను, టీతోను కలిపి పుచ్చుకొనరాదు. పుచ్చుకొనినచో ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మరసపు నీటితో మాత్ర మింగి, రెండు గంటలు గడచిన పిమ్మట మజ్జిగ త్రాగవచ్చును. మాత్రకును మజ్జిగకును చుట్టరికము ఉన్నమాట నిజమే. అయినను ఒక్క విస్తరిలో కూర్చుండబెట్టరాని చుట్టములు ఏ ఇంటనైనను ఉందురు గదా.